పద్నాలుగు సెకన్లు

బస్టాండులో కంట్రోలరు ఉద్యోగమంటే, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో రాయడం. ఇరవై రెండేళ్లుగా ఖమ్మంలో అదే రాస్తున్నాను. భద్రాచలం బండి ఆరు నిమిషాలు లేటు, పెనుబల్లి బండి పదకొండు నిమిషాలు లేటు. డ్రైవర్లు బతిమాలారు, టీ తాగించబోయారు, కొందరు నా మొహం మీదే తిట్టారు. ఎవరికీ ఒక్క నిమిషం తగ్గించి రాయలేదు. ఈయన చేతిలో దొంగ టైము పడదని అందరికీ తెలుసు. ఆ పేరుతో నాకు బాగానే పొగరెక్కింది. ఇప్పుడు రాస్తున్నది ఆ పొగరు గురించి, దానివల్ల మా బావకు ఏమైందో దాని గురించి.

నలభై ఏడో ఏట ఆఫీసువాళ్లు పెట్టిన వైద్య పరీక్షలో నా బీపీ నూట అరవై నాలుగు బై నూట రెండు అని తేలింది. డాక్టరు చీటీ రాసి, "రోజుకొకటి. జీవితాంతం" అన్నాడు. ఆ రెండో మాట నాకు నచ్చలేదు. జైలు శిక్షలా వినిపించింది. నడవమన్నాడు గాని, నా మోకాళ్లు నడకకు ఒప్పుకోలేదు. మోకాళ్ల మీద భారం పడని కసరత్తు ఏదైనా చూసుకోమన్నాడు.

ఖానాపురం హవేలిలో మా ఇంటికి నాలుగు సందుల అవతల, ఒక సోఫాల దుకాణం పైన జిమ్ ఉంది. అందులో ఓ మూలన రోయింగ్ మిషన్ పడి ఉండేది. ఎవరో అమ్మేస్తే జిమ్ యజమాని కొన్నాడట. దాని మీద అందరూ తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లు. ముందుకూ వెనక్కూ జారే చిన్న పీట, కాళ్లు బిగించుకునే పట్టీలు, గొలుసుకు తగిలించిన హ్యాండిలు. ఆ గొలుసు లాగితే ముందున్న డబ్బాలో ఫ్యాను రివ్వుమని తిరుగుతుంది. ఎదురుగా అరచేతంత తెర.

ఆ తెర మీద మూడు అంకెలుంటాయి. ఇంకా ఎన్ని మీటర్లు మిగిలాయి, ఎంత టైమైంది, ఇదే వేగంతో పోతే ఐదు వందల మీటర్లకు ఎంత పడుతుంది. ఆ మూడో అంకెను స్ప్లిట్ అంటారు. లాగిన ప్రతిసారీ అది మారుతుంది. కాస్త నీరసిస్తే చాలు, అక్కడికక్కడే బయటపెడుతుంది. జీవితమంతా ఇతరుల టైము రాసిన నాకు, నా టైము రాసే కంట్రోలరు ఒకడు దొరికాడు. బతిమాలితే వినడు, టీకి లొంగడు. నాకు తెగ నచ్చాడు.

మొదటిసారి రెండు వేల మీటర్లు తొమ్మిది నిమిషాల నలభై ఒక్క సెకన్లకు లాగాను. మొదటి ఐదు వందలు కుర్రాడిలా ఉరికాను. ఆ తరువాత కళ్ల ముందు మసక కమ్మింది. అయిపోయాక పీట మీంచి పక్కకు దొర్లి, నేల మీద పడుకుని సీలింగు చూస్తూ ఉండిపోయాను. ఇంటికి రాగానే నా వాలకం చూసి మా ఆవిడ, "ఏమయ్యా, పడవ ఎక్కకుండనే మునిగొచ్చినవా?" అంది.

మెల్లగా ఒడుపు పట్టుబడింది. ముందు కాళ్లతో తన్నాలి, తరువాత నడుము వెనక్కి వాలాలి, చేతులు చివరికి రావాలి. నిమిషానికి ఇరవై ఏడు లాగుళ్లు నాకు సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరిని ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో తెలియడం. మొదటి ఐదు వందల్లో ఒంట్లో ఉత్సాహం ఉంటుంది, దాన్ని తొక్కిపట్టాలి. రెండో ఐదు వందల్లో ఒకే అంకె మీద స్థిరంగా నిలవాలి. మూడోదే పాపిష్టిది. ఎందుకొచ్చిన గొడవ, ఆపేయ్ అని ఒళ్లు గొణుగుతూనే ఉంటుంది. అక్కడ కూడా దాచుకోవాల్సింది దాచుకుని, చివరి ఐదు వందల్లో అంతా ఊడ్చి పెట్టాలి. ఎంత వెనకబడ్డా చివర్లో సర్దుకోవచ్చు, ఎందుకంటే ఇంకా ఎన్ని మీటర్లున్నాయో తెర చూపిస్తూనే ఉంటుంది. నాకు ఆ ధీమా బాగా అలవాటైపోయింది.

పాత లాగ్ షీట్ల వెనకవైపు టైములన్నీ రాసేవాణ్ణి. తొమ్మిదీ రెండు. ఎనిమిదీ నలభై. ఎనిమిదీ ఇరవై ఐదు. ఎనిమిదీ పన్నెండు. ఎనిమిది నిమిషాల లోపు రావాలని పట్టుదల. ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కర్లేదు.

ఎనిమిదీ పన్నెండు దగ్గర బండి ఆగిపోయింది. ఐదు వారాలు అక్కడే. కాళ్లలో బలముంది, ఊపిరి ఉంది, కాని గుండె ఒక మోతాదు దాటి కొట్టుకోవడం లేదు. యాక్సిలరేటరు కింద ఎవరో చెక్కముక్క పెట్టినట్టు ఉండేది. మాత్రల కోసం వెళ్లినప్పుడు డాక్టరుతో అన్నాను. ఆయన నవ్వాడు. "ఆ మాత్ర పనే అది. గుండెను ఉరకనియ్యదు. మంచిదే కదా" అన్నాడు. నేను అందులో మొదటి సగం మాత్రమే విన్నాను.

మర్నాటి నుంచి మాత్ర వేసుకోవడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. పదో రోజుకు ఎనిమిదీ ఐదు. పందొమ్మిదో రోజున ఏడూ యాభై ఎనిమిది. తెర మీద ఆ అంకె చూసి గట్టిగా అరిచాను. తువ్వాలు కోసం వచ్చినాయన ఉలిక్కిపడ్డాడు. ఆ సాయంత్రం మందుల షాపులో బీపీ చూపించుకుంటే నూట ముప్పై రెండు బై ఎనభై ఆరు. అప్పటికి ఎనిమిది కిలోలు తగ్గి ఉన్నాను. ఏ కారణంవల్లనో ఆ ఒక్క పూట అంకె బుద్ధిగా ఉంది. ఇంటికొచ్చి రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. మాత్ర ఆపిన సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

మా బావ గురించి చెప్పాలి. అక్క మొగుడు. చండ్రుగొండ దగ్గర అడవి అంచున ఐదెకరాలు చేస్తాడు, పత్తీ మిరపా. పెద్ద మనిషి, ఒడ్డూ పొడవూ రెండింట్లోనూ. అక్కడి చర్చి మందిరంలో సంఘ పెద్ద. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నాకు ఉద్యోగమొచ్చిన రోజు తన చేతి గడియారం విప్పి నా చేతికి పెట్టాడు. "టైము రాసెటోనికి గడియారం లేకుంటె ఎట్ల బామ్మర్దీ?" అన్నాడు. అది ఇప్పటికీ నా చేతికే ఉంది. బావకు కూడా బీపీ. పదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాడు.

ఆ ఏడు కోత పండుగకు అక్కా వాళ్ల మందిరానికి వెళ్లాం. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, మిరపకాయల గంపలు బలిపీఠం ముందు పేర్చారు. పాటలయ్యాక సాక్ష్యాలు. మా వాళ్లలో సాక్ష్యానికి ఒక వరుస ఉంది. ముందు జబ్బో కష్టమో చెప్పాలి, తరువాత ప్రార్థన, ఆ తరువాత విడుదల. చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం గనక ఎవరైనా ఆ వరుసలో చెప్పేస్తాం. సాక్ష్యాన్ని మధ్యలో ఆపి లెక్క అడగడం ఉండదు, అది మర్యాద కాదు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "మస్తు సన్నబడ్డవ్. లేచి చెప్పు, ఏం జేసినవో."

లేచాను. డాక్టరు జీవితాంతం మాత్ర వేసుకోవాలన్నాడని చెప్పాను. రోజూ తెల్లవారి ప్రార్థన చేసుకుని మిషన్ మీద కూర్చున్నానని చెప్పాను. మాత్ర ఆపేశానని చెప్పాను. బీపీ నూట ముప్పై రెండుకు దిగిందని చెప్పాను. చెప్పిన ప్రతి ముక్కా నిజమే, వరుస మాత్రం నేను పెట్టుకున్నది. టైము కోసం ఆపానన్న ముక్క లేకపోయేసరికి మిగతావన్నీ కలిసి స్వస్థత అయిపోయాయి. మందిరమంతా స్తోత్రం అంది. నా ఒంట్లో వేడి పుట్టింది, చివరి ఐదు వందల్లో పుట్టే వేడి. నిజంగానే దేవుడు చేశాడని ఆ క్షణాన నేను కూడా నమ్మాను.

బయటికొచ్చాక పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "మాత్రలు ఆపమని డాక్టరుగారే చెప్పారా బాబూ?" అని మెల్లగా అడిగారు. "చూపించుకున్న అయ్యగారూ" అన్నాను. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ఊరటను చూసి నాకు సిగ్గేయాలి. వేయలేదు. బావ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

నెల తిరక్కుండానే మెడ వెనక బరువు మొదలైంది. తడి బట్ట మడిచి పెట్టినట్టు. వేడి చేసిందనుకున్నాను, దిండు మార్చాను. ఒక సాయంత్రం మూడో ఐదు వందల్లో ఉండగా హ్యాండిలు మీద ఎర్రగా చుక్క పడింది. ఎక్కడి నుంచి పడిందో అర్థం కాలేదు. రెండో చుక్క పడ్డాక ముక్కు తడిమి చూసుకున్నాను. అయినా లాగడం ఆపలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది. ఇంకా ఎనిమిది వందల మీటర్లున్నాయి, స్ప్లిట్ బాగుంది, అందుకే ఆపలేదు.

మర్నాడు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను, పాతాయనకు మొహం చూపించలేక. నూట డెబ్బై ఎనిమిది బై నూట పది. "చదువుకున్నోళ్లే కదా మీరు?" అని తిట్టాడు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాను. వాటిని ఇంట్లో పెట్టలేదు. బస్టాండులో నా టేబుల్ సొరుగులో, స్టాంపు ప్యాడ్ కింద దాచాను. టైములు మళ్లీ జారాయి. ఎనిమిదీ పదహారు, ఎనిమిదీ ఇరవై. వాటిని మాత్రం ఒక్క సెకను తగ్గించకుండా రాసుకున్నాను. అక్కడికి నేను సత్యవంతుణ్ణే!

ఎండలు ముదురుతున్న రోజుల్లో బావ ఫోన్ చేశాడు. నేను డ్యూటీలో ఉన్నాను.

"బామ్మర్దీ, నీకో సంగతి చెప్పాలె. నేను గూడ మాత్రలు ఆపేసిన."

"ఎప్పుడు బావా?"

"నీ సాక్ష్యం ఇన్న మర్నాడే. మూడు నెలలైతాంది. నీ మిషన్ గూడ తయారు జేసిన, వచ్చి చూడు. మస్తుగుంది." గొంతు తగ్గించి, "మెడ ఎనక జర బరువుగుంటది. నీకు గూడ మొదట్ల గట్లనే ఉండెనా?" అన్నాడు.

నా కుడిచెయ్యి సొరుగు మీద ఉంది. దాన్ని లాగి అందులోంచి ఆ మాత్రల అట్టను తీసి ఫోనులో చదివి వినిపిస్తే అయిపోయేది. "ఒకసారి డాక్టరుకు చూపియ్యి బావా" అన్నాను.

"నువ్వు చూపించినవా?"

"బావా, బండొచ్చింది, మళ్ల చేస్త" అని పెట్టేశాను. ఏ బండీ రాలేదు. ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది. రాని బండిని వచ్చిందని చెప్పడం నా సర్వీసులో అదే మొదటిసారి.

ఆ ఆదివారం వెళ్లి చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం మా ఆవిడ తరఫు వాళ్లింట్లో పెళ్లి. తరువాతి ఆదివారం డ్యూటీ మార్చుకోలేకపోయాను, నిజానికి మార్చమని అడగలేదు. ఆ పై ఆదివారం ఎండ అన్నాను. చివర్లో ఎక్కడో ఒక చోట అంతా ఊడ్చి చెప్పేస్తాను కదా అని లోపల ఒక మొండి ధైర్యం. మిషన్ నేర్పిన లెక్క అది. బావకు ఇంకా ఎన్ని మీటర్లున్నాయో చూపించే తెర ఎక్కడా లేదని నాకు తట్టలేదు. తట్టింది. తట్టినా పక్కకు నెట్టాను.

చివరికి ఒక సోమవారం వీక్లీ ఆఫ్ నాడు వెళ్లాను. అడవిలో ఎక్కడో ఆకులు తగలబడుతున్నాయి. ఏటా ఎండాకాలం ఉండేదే. బస్సు దిగేసరికి పొగ చేల మీదుగా దిగి ఉంది, ఎండ దాని వెనక రాగి రంగులో ఉంది. ఇప్పపూల వాసన, కాలిన వాసన కలిసిపోయి గొంతులో పట్టుకున్నాయి. పిట్ట కూత కూడా లేదు. కోతులు మందగా రోడ్డు దాటి ఊరివైపు వస్తున్నాయి.

అక్క నవ్వుతూ ఎదురొచ్చింది. "ఈ పిచ్చి నువ్వే అంటించినవ్ తమ్మీ. పొద్దుగాల లేస్తె దాని మీదనే ఉంటుండు" అంది. ఆమె అంత హాయిగా నవ్వడం చూసి చాలా రోజులైంది. నేను ఆమె కళ్లలోకి చూడలేదు.

పశువుల కొట్టం వెనక, పత్తికట్టె వామి పక్కన బావ మిషన్ ఉంది. రెండు ఇనుప పట్టాలు నేల మీద పరిచాడు. వాటి మీద బేరింగులు బిగించిన చెక్క పీట. కాళ్లకు దుంగ, దానికి పాత చెప్పుల పట్టీలు మేకులతో కొట్టాడు. పాతిన గుంజకు నాలుగు సైకిలు ట్యూబులు కట్టి, వాటి చివర విరిగిన పార కామను హ్యాండిలుగా తగిలించాడు. నేను ఎప్పుడో ఫోనులో చెప్పిన మాటలన్నీ గుర్తు పెట్టుకుని కట్టాడు. రెండు వేల మీటర్లకు సుమారు రెండువందల ఇరవై లాగుళ్లని ఒకసారి అన్నాను. గుంజకు సుద్దముక్కతో 220 అని రాసి ఉంది.

"తెర లేదు, ఫ్యాను లేదు. లాగుడు లెక్క వెడత" అన్నాడు గర్వంగా. "మొదటి దినం పదకొండు నిమిషాలు. ఇప్పుడు ఎనిమిదిన్నర. నీ టైము దాటుతా సూడు. కూసుంట, నువ్వు టైము చెప్పు."

"ఇప్పుడొద్దు బావా."

"ఇంత దూరమొచ్చి ఒద్దంటవేంది?"

కూర్చున్నాడు. ఆయన మొహం వానకు నానిన ఇటుక రంగులో ఉంది. మొదలుపెట్టాడు. అసలు మిషన్‌లో లాగాక గొలుసు తనంతట తాను మెల్లగా వెనక్కి పోతుంది. ట్యూబులు అలా కావు. మనిషిని పట్టుకుని గుంజకేసి ఈడుస్తాయి. బావ ప్రతి లాగుడికీ ఊపిరి బిగబడుతున్నాడు. కణత దగ్గర నరం తాడులా లేచింది. నేను గడియారం చూస్తున్నాను, ఆయన ఇచ్చిన గడియారం. నా నోరు దాని పని అది చేసుకుపోతోంది. "మొదటి యాభై మెల్లగ బావా. ఆపుకో. ఊపిరి ఇడువు. గట్లనే, గట్లనే." ఏం చెప్పడానికి వచ్చానో తెలుసు. చెబుతున్నది ఇది. నాకు నా గొంతు మీదే భయమేసింది.

నూట నలభై దగ్గర ఆయన పెదవులు నీలంగా కనిపించాయి.

"బావా, ఆపు. నేను మాత్రలు ఏసుకుంటున్న."

చేతులు వదిలేశాడు. పార కామ ఎగిరిపోయి గుంజకు ఠపీమని తగిలింది. కొట్టంలో బర్రె బెదిరి లేచింది. బావ రొప్పుతూ పట్టీల్లోంచి కాళ్లు తీశాడు.

"ఎప్పటి సంది?"

"రెండు నెలల పైనే."

కోప్పడతాడనుకున్నాను. తిడతాడని, కొడతాడని కూడా సిద్ధపడి వచ్చాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు. "శోధన వచ్చింది నీకు" అన్నాడు. "అంత పెద్ద సాక్ష్యం చెప్పినోళ్లను సైతాను ఊకె ఇడుస్తదా? పడ్డవ్. ఏం పర్వలేదు, నీ కోసం ప్రార్థన జేస్త. అయితే నువ్వు పడ్డవని నేను గూడ పడాల్నా?"

ఇంకొక్క మాట మిగిలింది. నేను ఆపింది విశ్వాసంతో కాదు బావా, టైము కోసం. అది చెబితే పడటం గిడటం అంతా కూలిపోయేది. ఆయన నన్ను ఛీకొట్టి ఇంట్లోకి పోయి మాత్ర మింగేవాడు. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఆ జాలి చూపు పోయి దాని స్థానంలో ఏం వస్తుందో నాకు తెలుసు. అది చూడటం నావల్ల కాలేదు. ఆదివారం అయ్యగారి ఎదుట, అందరి ఎదుట లేచి చెబుతాను, అదే సరైన పద్ధతి అనుకున్నాను. నాకు నేనే పద్ధతి నేర్పుకున్నాను. ఆదివారానికి ఆరు రోజులుంది.

బస్సెక్కేముందు అక్కతో, "బావకు మాత్రలు ఇయ్యక్కా, ఎట్లన్న జేసి ఇయ్యి" అన్నాను.

"నా మాట ఇంటడా?" అంది అక్క. "నీ మాటనే ఇంటడు."

గురువారం పొద్దున పదింటికి ఫోనొచ్చింది. అక్క చాయ్ తీసుకుని కొట్టం వెనక్కి వెళ్లేసరికి బావ పీట మీదే కూర్చుని ఉన్నాడట. ఎడమచేత్తో పార కామ పట్టుకునే ఉన్నాడట. కుడిచెయ్యి నేలకు వేలాడుతోందట. పిలిస్తే చూశాడట గాని, మాట రాలేదట. ఆటోలో కొత్తగూడెం, అక్కణ్నుంచి అంబులెన్సులో ఖమ్మం. నేను దవాఖానాకు చేరేసరికి డాక్టరు అక్కను అడుగుతున్నాడు, బీపీ మాత్రలు ఎప్పటి నుంచి ఆపారని.

"కోత పండుగ సంది" అంది అక్క.

నా వైపు తిరగలేదు. నేను ఆమెకు అడుగు దూరంలో నిలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అక్క నాతో మాట్లాడుతూనే ఉంది, అన్నం పెడుతూనే ఉంది, నన్ను మాత్రం సరిగా చూడదు.

ఆ ఆదివారం నేను చండ్రుగొండ వెళ్లలేదు. అయ్యగారు సంఘమంతటి చేతా బావ కోసం ప్రార్థన చేయించారని తరువాత తెలిసింది. నా సాక్ష్యం ఆ మందిరంలో అలాగే ఉంది. ఇప్పటికీ అక్కడివాళ్లు ఎదురైతే, "మిషన్ మీద స్వస్థత పొందిన తమ్ముడు" అని పక్కవాళ్లకు పరిచయం చేస్తారు.

ప్రాణం దక్కింది. కుడి కాలు కొంత వచ్చింది, చెయ్యి రాలేదు, మాట ముద్దముద్దగా వస్తుంది. వ్యాయామం చేయించడానికి వీలని, వానలు మొదలయ్యాక అక్కా బావా మా ఇంటికి వచ్చారు. చేతికి కదలిక కావాలి, మెల్లగా లాగే పని ఏదైనా మంచిదే అని థెరపీ ఆయన అంటే, బావ ఎడమచేత్తో సైగ చేశాడు. అసలు మిషన్ చూడాలట. మా ఆవిడ నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు అంతకు ముందే చెప్పాను, అంతా కాదు.

మధ్యాహ్నం జిమ్‌లో జనం ఉండరు. సోఫాల దుకాణం మెట్లు ఎక్కించడానికి పావుగంట పట్టింది. పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు పట్టీలు బిగించాను. కుడిచెయ్యి హ్యాండిలు మీద నిలవకపోతే అక్క తన తువ్వాలు చించి కట్టింది. ముడి గట్టిగా వేసి, నీళ్ల సీసా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

బావ లాగాడు. ఫ్యాను చిన్నగా మూలిగింది. తెర వెలిగింది. స్ప్లిట్ ఏడు నిమిషాల పైన చూపించింది. ఇంకోసారి లాగాడు. పది లాగి ఆగి, ఆ తెరనే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ నేను చెప్పగా విన్న అంకెలు, ఇప్పుడు కళ్లతో చూస్తున్నాడు.

"నువ్వు..." అన్నాడు. మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "మాత్ర... ఎందుకు ఆపినవ్?"

డాక్టరు ఆపమన్నాడా, ఎప్పటి నుంచి మళ్లీ వేసుకుంటున్నావు అని అడిగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన మంచం మీద పడుకుని ఇన్ని నెలలూ దాన్నే ఆలోచించి ఉంటాడు.

గుమ్మంలో అక్క ఉంది. ఉండనీ అనుకున్నాను.

"టైము కోసం బావా. మాత్ర ఏసుకుంటె గుండె ఉరకది. ఎనిమిదీ పన్నెండు కాడ ఆగిపోయిన. ఆపినంక ఏడూ యాభై ఎనిమిది వచ్చింది. దేవుని మీద పెట్టి చెప్పిన. దేవుడు గాదు."

ఆయన మొహంలో సగం కదలదు. మిగతా సగంలో ఏమీ కనిపించలేదు.

"ఎంత... తగ్గింది?"

"పద్నాలుగు సెకన్లు."

ఎడమచెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు ఇంకా బలంగానే ఉంది. గడియారం తన వైపు తిప్పుకుని సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. అక్కడి నుంచి పెదవులు కదిలిస్తూ లెక్క పెట్టాడు. నేనూ చూశాను. కింద దుకాణంలో ఎవరో సోఫా ఈడుస్తున్నారు. ముల్లు ఒకటి దాటి, రెండు దాటి, ఇంకో నాలుగు గీతలు నడిచింది.

చెయ్యి వదిలేశాడు.

"గంతేనా?" అన్నాడు.

"గంతే, బావా."